ఏడు వారాలుగా తగ్గని జ్వరం, ఆసుపత్రికో పేరు: ఇంకా ఏమి వెతకాలి?

ప్రశ్న
రాసినవారు: మహేంద్రతనయ తీరవాసి

వైద్యం తెలిసిన పెద్దలకు నమస్కారం. మాది గజపతి జిల్లాలో, పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న పల్లె. మా చిన్నాన్నకు 52 సంవత్సరాలు. మూడెకరాల వరి స్వయంగా సాగు చేసుకునే మనిషి. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది గాని, మాత్రలు ఒక నెల వేసుకుంటే మరో నెల మానేస్తాడు. ఆగస్టు చివరి వారంలో చలితో కూడిన జ్వరం మొదలైంది. ఈ రోజుకు ఏడు వారాలు నిండాయి. బరువు 62 కిలోల నుంచి 51కి దిగింది.

మొదట చూసిన డాక్టరుగారు మలేరియా లేదని తేల్చి, వైడాల్ పరీక్షను బట్టి టైఫాయిడ్ అని పది రోజులు ఇంజక్షన్లు ఇచ్చారు. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి జ్వరం తిరగబెట్టింది. రెండవ ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందని చెప్పి, కళ్లె పరీక్ష రెండుసార్లు, సీబీనాట్ పరీక్ష ఒకసారి చేయించారు. మూడింటిలోనూ టి.బి. క్రిమి కనబడలేదు. అయినా ఎక్స్‌రే చూస్తే టి.బి. లాగే ఉందని మందులు మొదలుపెట్టారు. మూడు వారాలుగా ఒక్క పూట తప్పకుండా వేస్తున్నాము. పిన్ని ఆయనకు కంచం, గ్లాసు వేరు చేసింది.

ఇప్పుడు బరంపురంలో మూడవ ఆసుపత్రిలో ఉన్నాము. ఇక్కడ స్కానింగ్ చేస్తే కాలేయంలో రెండు, ప్లీహంలో అనేకం చిన్న చిన్న చీముగడ్డలు కనిపించాయి. కాలేయంలోని గడ్డ నుంచి సూదితో చీము తీసి కల్చరుకు, అంటే అందులోని క్రిమిని పెంచి గుర్తుపట్టే పరీక్షకు, పంపాలని డాక్టరుగారు అంటున్నారు. పిన్ని ఒప్పుకోవడం లేదు. “ఉన్న నెత్తురంతా సీసాల్లోకే పోయింది, ఇక పొట్టలో కూడా పొడుస్తారా” అని ఏడుస్తున్నది. ఆమెకు ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు.

పాత కాగితాలు సర్దుతుంటే రెండవ ఆసుపత్రిలో చేసిన రక్తం కల్చరు రిపోర్టు ఒకటి దొరికింది. అందులో ‘సూడోమోనాస్ జాతి’ క్రిమి పెరిగిందని, అది బహుశా కలుషితం వల్ల కావచ్చునని రాసి ఉంది. అప్పుడు దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇటువంటి లక్షణాలు ఏ ఏ జబ్బులలో ఉంటాయి, చీము పరీక్షకు ఒప్పుకోవచ్చునా, లేక విశాఖకో భువనేశ్వరానికో తీసుకుపోవడం మంచిదా, దయచేసి చెప్పండి. ఇన్ని రోజులు వృథా కావడంలో తప్పు ఎవరిది అన్న ప్రశ్న కూడా ఇంట్లో నలుగుతున్నది.

సమాధానం 1
రాసినవారు: జనరల్ మెడిసిన్ వైద్యుడు, ఒడిశా సరిహద్దు

రోగిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం, మందు చెప్పడం సరికాదు కనుక ఆ రెండూ చేయను. అయితే ఒక మాట మాత్రం సందేహం లేకుండా చెప్పగలను. చీము పరీక్షకు ఒప్పుకోండి. స్కానింగులో చూస్తూ, రక్తం గడ్డకట్టే తీరు ముందే పరీక్షించుకుని, కాలేయంలోని చీముగడ్డలోకి సన్నని సూది పంపడం మేము తరచుగా చేసే పని. ఇన్నాళ్లుగా చేసిన పరీక్షలలో చాలావరకు జబ్బు నీడను చూసినవే. ఈ పరీక్షలో జబ్బు చేసిన క్రిమే చేతికి వచ్చే అవకాశం ఉంది. పిన్నిగారికి ఆ తేడా నెమ్మదిగా చెప్పండి.

కారణం తెలియని జ్వరాన్ని ఎలా వెతకాలన్నది పాత ప్రశ్నే. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు అటువంటి 100 మంది రోగులను పరిశీలించి ఒక నిర్వచనం ఇచ్చారు. మూడు వారాలకు మించి, పలుమార్లు 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతూ, వారం రోజుల ఆసుపత్రి పరీక్షల తర్వాత కూడా కారణం దొరకని జ్వరం అది. ఆ వంద మందిలో 36 మందికి చివరకు తేలినవి క్రిముల వల్ల వచ్చే జబ్బులు, 19 మందికి క్యాన్సర్లు. కొత్త జబ్బులు పెద్దగా ఏమీ లేవు. తెలిసిన జబ్బే తెలియని వేషంలో రావడం ఎక్కువ. అందుకే మన ప్రాంతంలో మొదట మలేరియా, టైఫాయిడ్, టి.బి., స్క్రబ్ టైఫస్ వెతకడం న్యాయమే. అయితే వైడాల్ పరీక్ష మీద అంత భారం వేయకూడదు. అది 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ తరచుగా వచ్చే చోట ఎప్పుడో సోకిన దానికి పుట్టిన ప్రతిరక్షకాలు కూడా అందులో కనబడతాయి.

మీరు చెప్పిన వివరాలు ఒకచోట పెట్టి చూస్తే నా మనసులో ముందుకు వచ్చే పేరు మెలియాయిడోసిస్. బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే క్రిమి దీనికి కారణం. ఇది తడి మట్టిలోనూ, నిలవ నీటిలోనూ బతుకుతుంది. కాలి పగుళ్ల నుంచి, చిన్న గాయాల నుంచి, గాలివానలో పీల్చిన తుంపరల నుంచి, తాగిన నీటి నుంచి ఒంట్లోకి చేరుతుంది. వానాకాలంలో పెరుగుతుంది. అదుపులో లేని షుగరు ఉన్నవారిని అందరికంటె ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తిలో టి.బి.ని పోలిన మచ్చ, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు, కీళ్లలో, ఎముకల్లో, మగవారికి ప్రోస్టేటులో చీము, పిల్లలకైతే చెవి కింద గడ్డ, ఇలా ఒక్కొక్కరిలో ఒక్కో చోట బయటపడుతుంది. సోకిన తరువాత సాధారణంగా ఒకటి నుంచి 21 రోజుల్లో జబ్బు కనబడుతుంది గాని, ఏళ్ల తరబడి ఒంట్లో దాగి ఉండి తర్వాత లేచిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఈ జబ్బును మొదట గుర్తించినది మన తాతలు కూలికి వెళ్లిన రంగూన్‌లోనే. 1911, 1912 సంవత్సరాలలో ఆల్‌ఫ్రెడ్ విట్‌మోర్ అనే వైద్యుడు, ఆయన సహాయకుడు కృష్ణస్వామి కలిసి అక్కడి శవపరీక్షల గదిలో దీనిని వేరు చేసి చూపారు. అప్పట్లో దొరికిన రోగులలో ఎక్కువ మంది బీదలు, మత్తుమందు సూదులకు అలవాటు పడినవారు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు ఆ నగరంలో అప్పటికే వేల సంఖ్యలో ఉండేవారన్నది ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది. వందేళ్లు దాటినా మన వార్డులలో ఈ పేరు ఆలస్యంగానే వినబడుతున్నది. 2016లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి ఈ జబ్బు వస్తున్నది, 89,000 మంది మరణిస్తున్నారు. అందులో దక్షిణాసియా వాటా చాలా పెద్దది. దీనిని అరుదైన జబ్బు అనడం కంటె, మనం వెతకని జబ్బు అనడమే సరైనదని నా అభిప్రాయం.

మూడు సంగతులు తెలియజేయండి. జ్వరానికి ముందు నెలా నెలన్నరలో చిన్నాన్నగారు ఏ పని చేశారు, కాళ్లకు చేతులకు గాయం ఏదైనా తగిలిందా, ఈ మధ్య చేసిన షుగరు పరీక్ష ఎంత ఉంది? ఆ సూడోమోనాస్ రిపోర్టును ఈ రోజే మీ డాక్టరుగారి చేతికి ఇవ్వండి. టి.బి. మందులు మీ అంతట మీరు ఆపవద్దు. ఆపాలో కొనసాగించాలో వారే నిర్ణయించాలి.

సమాధానం 2
రాసినవారు: స్టాఫ్ నర్సు, రాయగడ

డాక్టరుగారు అడిగిన మూడు ప్రశ్నలు మీ చిన్నాన్నగారిని ఇంతకుముందు ఎవరైనా ఆయన భాషలో అడిగారా అన్నది నాకు ముఖ్యంగా తోస్తున్నది. మన సరిహద్దు ఆసుపత్రులలో రోగి తెలుగులోనో సవర భాషలోనో చెబుతాడు, పక్కనున్నవారు దానిని ఒడియాలోకి మారుస్తారు, కేసు షీటు మీదకు అది ఇంగ్లీషులో ‘జ్వరం, ఆరు రోజులు’ అని ఒక్క ముక్కగా చేరుతుంది. పొలంలో ఏమి జరిగింది, అడవికి ఎప్పుడు వెళ్లాడు, ఏమి తిన్నాడు అన్న కథంతా దారిలోనే రాలిపోతుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన వార్డుకు కొండ మీది సవర పల్లె నుంచి ఒక తల్లిని తీసుకువచ్చారు. తొమ్మిది రోజుల జ్వరం, తలనొప్పి, ఆయాసం. ఖరీదైన ఇంజక్షన్లు పడుతున్నా జ్వరం దిగలేదు. ఆమెకు ఒళ్లు తుడుస్తున్నప్పుడు, నడుము దగ్గర చీర బిగించే చోట, చుట్ట కాలినట్టుగా నల్లని పొక్కు ఒకటి కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు కాబట్టి ఆమె దాని గురించి చెప్పనే లేదు. అడిగితే, వారం పది రోజుల ముందు కట్టెలకు వెళ్లి పొదల్లో కూర్చున్నానని చెప్పింది. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే, కంటికి ఆనని నల్లి (మైట్) పిల్ల కుట్టిన చోట అటువంటి పొక్కు వస్తుంది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండవ రోజుకే ఆమె జ్వరం దిగింది. ఖరీదైన ఇంజక్షన్లకు లొంగని క్రిమి చవక మాత్రకు లొంగింది. ఆడవారి ఒంటిని రౌండ్లలో పూర్తిగా చూడడం డాక్టర్లకు కుదరకపోవచ్చు. చంకలు, తొడల మొదళ్లు, రొమ్ముల కింద, నడుము, చెవుల వెనుక చూడడం మా నర్సుల పని అని నేను నమ్ముతాను, కొత్తగా చేరిన పిల్లలకు కూడా అదే నేర్పుతున్నాను.

బాబూ, మీ చిన్నాన్నగారి పక్కన ప్రశాంతంగా కూర్చుని, జ్వరం వచ్చిన రోజు నుంచి వెనక్కి ఒక్కొక్క రోజూ అడిగి, తేదీలతో సహా ఒక కాగితం మీద రాయండి. అరికాళ్లు మీరే స్వయంగా చూడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: మహేంద్రతనయ తీరవాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నర్సమ్మగారు చెప్పినట్టే నిన్న రాత్రి కూర్చుని అడిగాను. జూలై నెలంతా దమ్ము పట్టడం, ఉభాలు (వరి నాట్లు). కూలీలు దొరకక ఈ ఏడాది ఆయనే రోజంతా మడిలో ఉన్నాడు. ఆగస్టు రెండవ వారంలో పెద్ద వానకు గట్టు తెగితే రాత్రిపూట వెళ్లి మట్టి వేస్తుండగా, పార అంచు ఎడమ కాలి మడమ మీద తగిలింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మళ్లీ మడిలోనే దిగాడట. షుగరు వల్ల కాళ్లకు స్పర్శ తక్కువ కనుక నొప్పి కూడా పెద్దగా తెలియలేదట. ఇప్పుడు చూస్తే అక్కడ మానిన మచ్చ ఉంది. “జ్వరం గురించి అడిగినవారికి కాలి సంగతి ఎందుకు చెబుతాను” అన్నాడు. మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బిఎ1సి) 11.4 శాతం వచ్చింది, అదుపులో లేనట్టే.

పాత రిపోర్టు డాక్టరుగారికి ఇచ్చాము. ఆయన రెండుసార్లు చదివి, ల్యాబుకు తానే ఫోన్ చేశారు. పిన్ని ఒప్పుకున్నది. రేపు ఉదయం చీము తీస్తారు.

సమాధానం 3
రాసినవారు: విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, గుణుపురం

ముప్ఫై రెండేళ్లు సూక్ష్మజీవుల ల్యాబులో పనిచేసినవాడిని కనుక, రేపు ఉదయం జరిగే పని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ జబ్బు వార్డులో తప్పిపోయే దానికంటె ల్యాబు బల్ల మీద తప్పిపోయేదే ఎక్కువని నా అనుభవం.

చీమును దూదిపుల్లకు అద్ది పంపవద్దని, సిరంజిలోనే లేదా మూత బిగిసే స్టెరైల్ సీసాలో వీలైనంత ఎక్కువగా పంపమని అడగండి. చీముతో పాటు రక్తం, కళ్లె, మూత్రం, గొంతు నుంచి తీసిన నమూనా కూడా ఒకేసారి కల్చరుకు వెళ్లడం మంచిది, ఎందుకంటే ఒకచోట దొరకనిది మరొకచోట దొరుకుతుంది. జబ్బు ఉన్నవారిలో కూడా కల్చరు సుమారు నూటికి అరవై మందిలోనే పట్టుకుంటుంది. కాబట్టి ఒకసారి ఏమీ పెరగలేదంటే జబ్బు లేదని కాదు, మళ్లీ పంపాలని అర్థం. యాంటీబయాటిక్ కొత్త మోతాదు పడకముందే నమూనా తీయడం మరీ మంచిది.

చీటీ మీద ‘చీము, కల్చరు’ అని మాత్రమే రాసి పంపితే ల్యాబులో జరిగేది ఇది. మామూలు ప్లేటు మీద మొదటి రోజు చిన్న చిన్న చుక్కల్లాంటి కాలనీలు వస్తాయి, వాటికి ప్రత్యేకత ఏమీ కనబడదు. నలభై ఎనిమిది గంటలు కాగానే ప్లేటు పారవేసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. ఈ క్రిమి తన అసలు రూపం, అంటే ఎండిన పువ్వు రేకుల్లా ముడతలు పడి పొడిగా కనబడే కాలనీ, చూపడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. గ్రామ్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు కొసలు ముదురుగా, నడుమ లేతగా, పిన్నీసు ఆకారంలో ఉంటుంది. ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్ వస్తుంది. ఇంతవరకు చూసినవారు సూడోమోనాస్ అని రాసి ఊరుకుంటారు. సూడోమోనాస్ ఆసుపత్రి నీళ్ల తొట్టెలో కూడా దొరికే క్రిమి కాబట్టి, రక్తంలో పెరిగినా కలుషితం అనుకోవడానికి అవకాశం ఏర్పడుతుంది. యంత్రాలతో గుర్తించే ల్యాబులో సైతం ఇది కొన్నిసార్లు బర్ఖోల్డేరియా సెపాషియా అనే దగ్గరి బంధువు పేరుతో బయటకు వస్తుంది.

తేడా పట్టుకోవడానికి ఖర్చు లేని దారి ఒకటి ఉంది. క్రిమి మీద యాంటీబయాటిక్ మందుల చిన్న బిళ్లలు పెట్టిన ప్లేటును చూడండి. జెంటామైసిన్ చుట్టూ క్రిమి నిర్భయంగా పెరిగి, కొలిస్టిన్ చుట్టూ కూడా పెరిగి, అమాక్సిసిలిన్-క్లావులనేట్ చుట్టూ మాత్రం చచ్చి ఖాళీ వలయం ఏర్పడితే, అది మామూలు సూడోమోనాస్ కాదు. మామూలు సూడోమోనాస్ ఈ మూడవ మందుకు లొంగదు. ఈ ఒక్క గుర్తు తెలిసిన టెక్నీషియన్ జిల్లాకు ఒకరున్నా ఎందరో బయటపడతారు. మీ దగ్గరున్న పాత రిపోర్టులో మందుల పట్టిక ఉంటే ఈ మూడు వరుసలూ చూడండి.

చివరగా, మెలియాయిడోసిస్ అనుమానం అని చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. దాని వల్ల ప్లేటు వారం రోజులు ఉంచుతారు, యాష్‌డౌన్ అగార్ అనే ప్రత్యేక మాధ్యమం ఉంటే దానిపై వేస్తారు. ల్యాబులో పనిచేసేవారి క్షేమం కూడా అందులో ఉంది. ఈ కాలనీలకు తడిమట్టి వాసన వస్తుందని పుస్తకాలలో ఉంటుంది గాని, మూత తీసి వాసన చూడడం ప్రమాదం. నా పక్క బల్ల మీద పనిచేసిన కుర్రవాడు ఏ క్రిమో తెలియక ఒకసారి అదే చేశాడు. ఆ తరువాత మూడు వారాలు అతనికి రోజూ జ్వరం చూస్తూ, మందులు వేయిస్తూ గడిపాము. అతనికి ఏమీ కాలేదు, అయితే ఆ మూడు వారాలు నేను మరచిపోలేదు.

సమాధానం 4
రాసినవారు: ఉపాధ్యాయిని, కాశీనగరం

మా బావగారికి నాలుగేళ్ల కిందట ఇదే జబ్బు తేలింది. ఆయన అనుభవంలో ఒక్క ముక్క మీకు పనికివస్తుందని రాస్తున్నాను. ఆసుపత్రిలో ఇంజక్షన్లు పూర్తయి ఇంటికి వచ్చాక, మూడు నెలలు మానకుండా వేసుకోవాలని కోట్రైమాక్సజోల్ మాత్రలు రాసిచ్చారు. అవి పెద్ద మాత్రలు, పూటకు రెండు. నెల రోజులకు ఆకలి పుట్టి, బరువు పెరిగి, మనిషి కళకళలాడుతూ ఉండేసరికి, ఇంకెందుకు అని మానేశారు. మేమూ గట్టిగా చెప్పలేదు. ఆరవ నెలలో మోకాలు వాచి, చీము పట్టి, మళ్లీ మొదటి నుంచి ఇంజక్షన్లు మొదలుపెట్టవలసి వచ్చింది. రెండవసారి నేను గోడ మీద క్యాలెండరులో రోజూ టిక్కు పెట్టి మింగించాను. మధ్యలో మూత్రపిండాల పరీక్ష, పొటాషియం పరీక్ష చేయిస్తూ ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే చూపించాలని కూడా చెప్పారు. మాది ఉద్దానానికి దగ్గరి ప్రాంతం కదా, కిడ్నీల మాట వినగానే భయపడి మందు మానేసేవారు ఉంటారు. మానడం కాదు, పరీక్ష చేయించుకోవడం దానికి మార్గం.

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటడం అత్యంత అరుదని మాకు చెప్పారు. జబ్బు తేలాక మీ పిన్నిగారు కంచం వేరు పెట్టనక్కరలేదు.

సమాధానం 5
రాసినవారు: జనరల్ మెడిసిన్ వైద్యుడు, ఒడిశా సరిహద్దు

మడమ గాయం, దమ్ము చేసిన మడి, 11.4 షుగరు, గాయానికీ జ్వరానికీ మధ్య సుమారు రెండు వారాలు. మీరు రాసిన ఆ ఒక్క పేరా నా అనుమానాన్ని ఎంతో బలపరిచింది. పేరు తేల్చవలసినది మాత్రం కల్చరే.

తప్పు ఎవరిది అని మీరు మొదట అడిగిన దానికి సమాధానం చెప్పకుండా దాటవేయడం నాకు ఇష్టం లేదు. టి.బి. క్రిమి మూడు పరీక్షలలో కనబడనప్పుడు, మందులు మొదలుపెట్టినా సరే, వేరే కారణం కోసం వెతకడం ఆపకూడదు. రక్తంలో ఏదైనా క్రిమి పెరిగితే, అది కలుషితమని కొట్టివేసే ముందు రెండవసారి రక్తం పంపి చూడాలి. ఆ రెండూ జరగలేదు. ఇది మా వృత్తిలో ఉన్న లోపం. ఒకసారి పేరు పెట్టాక, ఆ పేరుకు సరిపడనివి కళ్ల ముందున్నా మనసుకు ఎక్కవు. నేనూ అటువంటి పొరపాటు చేశాను. నాలుగు రోజులు ఆలస్యంగా తెలుసుకున్నాను, ఆ నాలుగు రోజులు ఆ రోగికి ఎక్కువే అయ్యాయి.

2016లో మల్కన్‌గిరి జిల్లాలో ఆదివాసీ పిల్లలు మూర్ఛలతో, స్పృహ లేకుండా ఆసుపత్రికి వచ్చి వరుసగా మరణించారు. అందరి నోటా జపనీస్ మెదడువాపు అన్న పేరే వినిపించింది. కొందరు పిల్లలలో అది పరీక్షలో రుజువైంది కూడా. అయితే మిగిలినవారిలో కథ వేరుగా ఉంది. వెన్నునీటిలో వాపు గుర్తులు లేవు, రక్తంలో చక్కెర పడిపోయింది, కాలేయం దెబ్బతిన్నది. వెల్లూరుకు చెందిన వైరాలజిస్టు జేకబ్ జాన్ నాయకత్వంలో వచ్చిన నిపుణులు ఊళ్లకు వెళ్లి, పిల్లలు ఏమి తిన్నారని అడిగారు. మనం కసింద అని, ఒడియాలో బడ చకుండా అని పిలిచే మొక్క కాయలు, గింజలు తిన్నట్టు తెలిసింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ల తరబడి మెదడువాపు అనుకున్న పిల్లల మరణాల వెనుక అదే మొక్క ఉందని వారు అంతకుముందే చూసి ఉన్నారు. రెండు జబ్బులు ఒకే వార్డులో, ఒకే పేరు కింద పడుకుని ఉంటాయని ఊహించగలగడం తేలిక కాదు. వారు ఊహించారు, ఊళ్లోకి వెళ్లి అడిగారు.

విశాఖ, భువనేశ్వరం మాటకు వస్తే, చీము తీయగలిగే చోటే ఇప్పుడు ఉన్నారు. పెరిగిన క్రిమిని పెద్ద ల్యాబుకు పంపి నిర్ధారించుకోవచ్చు. రోగిని అంబులెన్సులో కదిలించడం కంటె సీసాను కదిలించడం సులువు. ఊపిరి ఇబ్బంది పెరిగినా, రక్తపోటు పడిపోయినా మాత్రం ఆలోచించకుండా ఐ.సి.యు. ఉన్న చోటికి వెళ్లాలి. అనుమానం బలంగా ఉంటే కల్చరు వచ్చే వరకు ఆగకుండానే మందు మొదలుపెట్టవచ్చు. ఆ నిర్ణయం మీ డాక్టరుగారిది.

ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: మహేంద్రతనయ తీరవాసి

పద్ధెనిమిది రోజుల తరువాత రాస్తున్నాను, మన్నించండి. చీము తీసిన రోజు సాయంత్రమే సెఫ్టజిడిమ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. అయిదవ రోజున ల్యాబు నుంచి అనుమానం నిజమేనని చెప్పారు. క్రిమిని పెద్ద ల్యాబుకు పంపితే అక్కడ కూడా బర్ఖోల్డేరియా సూడోమల్లై అనే తేలింది. టెక్నీషియన్‌గారు చెప్పిన మూడు వరుసలు పాత రిపోర్టులో వెతికాను. జెంటామైసిన్‌కు లొంగదని, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగుతుందని అందులో అచ్చయి ఉంది. కొలిస్టిన్ పరీక్ష చేయలేదు. నెల రోజులుగా ఆ కాగితం మా సంచిలోనే ఉన్నది.

టి.బి. మందులు ఆపారు. తొమ్మిదవ రోజు వరకు జ్వరం వస్తూనే ఉండటంతో మందు పనిచేయడం లేదని మళ్లీ బెంగపడ్డాము. ఈ జబ్బులో సరైన మందు పడినా జ్వరం దిగడానికి అన్ని రోజులు పట్టడం మామూలేనని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. పదకొండవ రోజు నుంచి జ్వరం లేదు. షుగరుకు ఇన్సులిన్ ఇస్తున్నారు. లోపల చీముగడ్డలు ఉన్నందువల్ల ఇంజక్షన్లు మొత్తం నాలుగు వారాలు, ఆ తర్వాత మూడు నెలలకు తక్కువ కాకుండా మాత్రలు అన్నారు. క్యాలెండరు ఇప్పుడే కొన్నాను, మేడమ్‌గారూ.

చిన్నాన్న మంచం మీద కూర్చుని అన్నం తానే కలుపుకుంటున్నాడు. కోతలు దగ్గరకు వచ్చాయి, ఎవరు కోయిస్తారు, తరువాత మడిలో మినుము చల్లడానికి దిగవచ్చా అని రోజూ అడుగుతున్నాడు. ఆయనకు ఏమి చెప్పాలి?

సమాధానం 6
రాసినవారు: జనరల్ మెడిసిన్ వైద్యుడు, ఒడిశా సరిహద్దు

చాలా సంతోషం. ఈ పంటకు కోత, మినుము రెండూ మీరే చూసుకోండి, మాత్రలు పూర్తయ్యే వరకు ఆయనను మడిలోకి దించవద్దు. వచ్చే ఏడాది ఉభాలకు దిగవచ్చు గాని, మోకాలి వరకు వచ్చే రబ్బరు బూట్లు, చేతి తొడుగులు వేసుకునే దిగాలి. పొలం నుంచి రాగానే సబ్బుతో కాళ్లు కడుక్కుని అరికాళ్లు చూసుకోవాలి. గాయం ఉంటే అది పూర్తిగా మానే వరకు తడి మట్టి తొక్కకూడదు. తాగే నీరు కాచి చల్లార్చినదే ఇవ్వండి. షుగరు అదుపులో ఉంచడం వీటన్నిటికంటె పెద్ద రక్షణ.

డిశ్చార్జి కాగితం మీద జబ్బు పేరు పూర్తిగా రాయించుకుని, దాని నకలు ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేలా చూడండి. వచ్చే సంవత్సరాలలో ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లినా, మొదట ఆ కాగితం చూపించాలి.